దొర కారుకు టర్బో

వీరస్వామి ఏ ఇంజను జబ్బునైనా పళ్ళతో కనిపెట్టేవాడు. జానెడున్నర ఇనుప కడ్డీ ఒక కొసను నడుస్తున్న ఇంజనుకు ఆనించి, రెండో కొసను ముందరి పళ్ళ మధ్య బిగించి కళ్ళు మూసుకునేవాడు. లోపల ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు సరిగా మూసుకోవడం లేదో ఆ కడ్డీ గుండా దవడ ఎముకలోకి, అక్కణ్ణుంచి తలలోకి ఎక్కేది. జనగామలో సిద్దిపేట రోడ్డు మీద అతని రేకుల షెడ్డు ముందు ఆగే లారీ డ్రైవర్లు మొదట్లో నవ్వేవారు. రెండోసారి వచ్చినప్పుడు నవ్వేవారు కాదు.

ఈ అలవాటుకు కారణం అతని కుడి చెవి. 1969లో అతను వరంగల్లో ఒక లారీ షెడ్డులో పని నేర్చుకుంటున్న పంతొమ్మిదేళ్ళవాడు. తెలంగాణ కావాలంటూ కాలేజీ పిల్లలు రోడ్ల మీదికి వచ్చిన రోజుల్లో, చేతులకున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా ఊరేగింపులో కలిశాడు. లాఠీ దెబ్బ సరిగ్గా చెవి మీద పడింది. నెల రోజులు చీము కారింది. ఆ తర్వాత ఆ పక్క లోకం మూగబోయింది.

పుట్టిన ఊళ్ళో మాత్రం ఆ చెవికి మర్యాద దొరికింది. భూపాలపల్లి దాటి మహదేవపూర్ వెళ్ళే దారిలో, అడవి అంచున ఉంటుంది ఆ ఊరు. చిన్నప్పుడే తల్లి పోతే పక్కింటి కట్టమ్మ తన పిల్లలతోపాటే అతన్నీ పెంచింది. అతను ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాడు. ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా ఆమె అతన్ని ముందుకు లాగి, "గీ పిలగాడు తెలంగాణకు చెవి ఇచ్చిండు" అని చెప్పేది. అతనికి సిగ్గేసేది. లోపల ఎక్కడో బాగానే ఉండేది.

అతని తండ్రి కమ్మరి. నాగటి కర్రులు సాగగొట్టడం, బండి చక్రాలకు ఇనుప కమ్మీలు ఎక్కించడం అతని పని. దొర ఇంటికి అదంతా వెట్టే. ఆ కొలిమి వద్దనుకునే కొడుకు పట్నం వైపు వచ్చి మెకానిక్ అయ్యాడు, కౌసల్యను చేసుకున్నాడు, జనగామలో షెడ్డు వేసుకున్నాడు. దొరతో ఇక పని లేదనుకున్నాడు.

1984 వానాకాలం వెళ్ళాక ఆ దొరే షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆయన పేరు హన్మంతరావు. వీరస్వామి తండ్రితో వెట్టి చేయించిన పాత దొరకు కొడుకు, నలభై ఐదేళ్ళవాడు. అప్పటికి రెండేళ్ళ కిందటే ఊరు వదిలి జనగామలో ఇల్లు తీసుకున్నాడు. ఊళ్ళో కూలీలు, రైతులు కలిసి సంఘం పెట్టారు. వెట్టి మానేశారు. సాగు లేక పడావు పడ్డ దొర భూముల్లో ఎర్రజెండాలు పాతారు. పాత దొర వసూలు చేసిన జరిమానాలు తిరిగిమ్మన్నారు, గుంజుకున్న భూముల కాగితాలు అడిగారు. ఆయన మీద ఎవరూ చెయ్యెత్తలేదు. కానీ నాలుగూళ్ళ అవతల ఇంకో దొరను చంపారన్న కబురు వచ్చిన రోజునే ఆయన పెట్టెలు సర్దించాడు. అయినా భూములు అక్కడే ఉన్నాయి కాబట్టి నెలకో రెణ్నెల్లకో వెళ్ళక తప్పేది కాదు. వెళ్ళిన ప్రతిసారీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చేవాడు.

"వీరస్వామీ, మా నాయిన కారు యాదికున్నదా?" అని అడిగాడు.

గుర్తు లేకపోవడమేమిటి! ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, పైకప్పు బదులు మడతపెట్టే గుడ్డ. ఇంగ్లీషు దేశంలో పరుగు పందేల కోసం చేసిన కారు. పాత దొర హైదరాబాదులో ఒక నవాబు దగ్గర కొన్నాడు. అది ఊళ్ళోకి వస్తే జనం రోడ్డు దిగి చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్ళు.

"దాన్ని ఉరికియ్యాలె. ఎవడు ఎనుకవడ్డా అందద్దు," అంటూ హన్మంతరావు ఒక మూట విప్పాడు.

రెండు పెద్ద నత్తగుల్లల్ని వీపులు కలిపి అంటించినట్టున్న ఇనుప వస్తువు అది. దుబాయిలో ఉన్న బావమరిది, గుద్దుకుని పోయిన ఒక జపాను కారులోంచి విప్పించి పంపాడు. టర్బో. వీరస్వామి అలాంటిది బోరు వేసే లారీ ఇంజనుకు ఒక్కసారి చూశాడు, ముట్టుకోనివ్వలేదు వాళ్ళు. పని మాత్రం తెలుసు. ఇంజను వదిలే పొగ వృథాగా పోకుండా ఒక గుల్లలోని చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో గుల్లలో ఇంకో చక్రం. అది బయటి గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది.

వేలితో చక్రాన్ని తాకాడు. చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది, ఎంతకీ ఆగలేదు.

"బ్రేకులు ముప్పై ఏండ్లవి దొరా. ఉరికిస్త గని, ఆపుడెట్ల?"

"ఆపేటందుకు కాదు గద రా," అన్నాడు హన్మంతరావు.

ఆ మాట వీరస్వామికి మింగుడుపడలేదు. వద్దనడానికి నోరు తెరిచాడు కూడా. అతని వేలు మాత్రం ఇంకా ఆ చక్రం మీదే ఉంది.

ఇంటికెళ్ళి చెబితే కౌసల్య కుట్టు మిషను ఆపింది.

"ఆయన ఊరోళ్ళ నుంచి పారిపోతందుకు నువ్వు బండి జేస్తవా? ఆ ఊరు నీది గాదా?"

"బండి ఆయనది. నాది పని."

"మీ నాయిన గూడ గట్లనే అనుకుంట కర్రులు సాగగొట్టిండు."

అతను అన్నం తినకుండా లేచిపోయాడు. తెల్లారి దొర ఇంటికి వెళ్ళి పని మొదలుపెట్టాడు.

నలుగురి కంటా పడకూడదని హన్మంతరావు తన ఇంటి వెనక కారుకొట్టంలోనే పని చేయమన్నాడు. పట్టిన కాలం నాలుగు నెలలు. ఆ ఇంజను అంత గాలిని ఓర్చుకునేలా పుట్టలేదు. ఇక్కడ దొరికే పెట్రోలుకు, కుక్కిన గాలికి లోపల మంట అదను తప్పి అంటుకుని పిస్టన్ల మీద సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. దాన్ని తప్పించాలంటే పిస్టన్ పైన జాగా పెంచాలి, నొక్కుడు తగ్గించాలి. దళసరి రాగి రేకును కాల్చి మెత్తబరిచి, చేత్తో కత్తిరించి, ఇంజను పైభాగం కింద గాస్కెట్‌గా వేశాడు. అందువల్ల టర్బో ఊదకపోతే ఆ ఇంజను మునుపటికన్నా నీరసపు ఇంజను. ఆ సంగతి దొరకు చెప్పాడు. "ఊదుతది గద," అన్నాడాయన.

పొగ గొట్టానికీ టర్బోకూ మధ్య అతుకు రెండుసార్లు పగిలింది. వరంగల్ లేత్ షాపులో మూడోసారి చేయించాడు. కార్బొరేటర్ గాలి ఒత్తిడికి పెట్రోలు కక్కింది. దానికి ఇంకో దారి వెతికాడు. చిట్టచివర మిగిలింది టర్బోకు నూనె అందించే సన్న గొట్టం. ఆ ఇరుసు తిరిగే వేగానికి క్షణం నూనె అందకపోయినా మాడిపోతుంది. అతని దగ్గరున్నది రాగి గొట్టం. అదురుడుకు రాగి గట్టిపడి చిట్లుతుందని అతనికి తెలుసు. ఇనుప తీగ అల్లిన రబ్బరు గొట్టం కావాలని హైదరాబాదు షాపుకు ఉత్తరం రాశాడు. ఈలోగా రాగిదే బిగించాడు.

ఆ నాలుగు నెలల్లో అతను ఊహించనిది ఒకటి జరిగింది. హన్మంతరావు చొక్కా చేతులు మడిచి పక్కన కూర్చునేవాడు. పానాలు అందించేవాడు. వేలు తెగితే తనే గుడ్డ చుట్టుకునేవాడు. ఇద్దరికీ ఒకే రకం గ్లాసుల్లో చాయ్ వచ్చేది. ఒకరోజు, బోల్టు బిగిస్తూ తల ఎత్తకుండానే అన్నాడు:

"మా నాయిన ఏం జేసిండో నాకు తెల్వదని అననురా. అన్నీ తెలుసు. వాళ్ళు ఎదురుంగ నిలవడి అడిగితే ఏం చెప్పాల్నో గదే తెల్వది."

వీరస్వామికి ఏదో అనాలనిపించింది. తన తండ్రి అరచేతులు గుర్తొచ్చాయి. కానీ అప్పుడే బోల్టు మర దొరికింది, ధ్యాస అటు పోయింది.

మొదటిసారి పెంబర్తి వైపు రోడ్డెక్కించినప్పుడు కారు కాసేపు ముసలి ఎద్దులా నడిచింది. ఆ తర్వాత ఎవరో వెనకనుంచి రెండు చేతులా నెట్టినట్టు ఒక్కసారిగా దూకింది. సన్నటి ఈల, గాలి ఊదుతున్న ఈల, అతని ఎడమ చెవిలో నిండిపోయింది. డ్యాష్‌బోర్డు మీద తను బిగించిన గాలి ఒత్తిడి గేజులో ముల్లు పైకి లేచింది. నిండు బలం ఎక్కడో లెక్క కట్టి ఆ చోట మేకుతో గీత గీశాడు. ముల్లు గీత దాకా రాలేదు. ఎక్కడో గాలి జారిపోతోంది. రెండు వారాలు వెతికి ఆ సందు మూశాడు. ఇక ముల్లు గీత ముట్టడం చూడాలి. ఆ రోజుల్లో అతను కౌసల్యతో మాట్లాడుతూ కూడా దాని గురించే ఆలోచించేవాడు.

రబ్బరు గొట్టం ఇంకా రాలేదు. ఫాల్గుణం వెళ్తుండగా మహదేవపూర్‌లో కాగితాల మీద సంతకం పెట్టాల్సిన పని పడింది హన్మంతరావుకు.

"ఇంకో వారం ఆగుండ్రి దొరా, గొట్టం అస్తది."

"నువ్వే పక్కన కూసో. ఏమన్నయితే జూసుకుంటవు."

వీరస్వామి ఎక్కి కూర్చున్నాడు.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. మహదేవపూర్‌లో పని ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి వెనక్కి తిరిగారు. ఊరి మలుపు దాటాక అడవిలో రెండు మైళ్ళ తిన్నటి రోడ్డు ఉంది. హన్మంతరావు దవడలు బిగుసుకుని ఉన్నాయి. ఆ మలుపు దగ్గర ఆయన ఎప్పుడూ ఊపిరి బిగబట్టేవాడు.

ఎడమ వైపు బాట మీంచి కొందరు మగవాళ్ళు రోడ్డు మీదికి వస్తున్నారు. భుజాల మీద ఏదో ఉంది. వాళ్ళకన్నా ముందు ఒక ముసలామె పరిగెత్తుతూ వచ్చి, ఎర్రగుడ్డ ఎత్తి ఊపుతోంది.

"ఆగద్దు, ఆగద్దు," అని హన్మంతరావు తనకు తనే చెప్పుకుంటూ కాలు నేలకంటా నొక్కాడు.

కారు దూకింది. ఈల లేచింది. ముల్లు కదిలి పైకి పోతోంది. వాళ్ళున్న ఎడమ వైపే వీరస్వామి మంచి చెవి ఉంది. ఆ చెవికి స్పష్టంగా వినబడింది:

"వీరస్వామీ! బిడ్డా! ఆగుండ్రిరా!"

కట్టమ్మ గొంతు. అతను ఆ గొంతును నిద్రలో కూడా పోల్చుకోగలడు. తల తిప్పలేదు. ముల్లు గీతకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. వణికింది. ముట్టింది. ముట్టి అక్కడే నిలబడింది. నాలుగు నెలల కష్టం నిండుగా పలుకుతున్న ఆ నాలుగైదు క్షణాలు అతని లోపల ఇంక దేనికీ చోటు లేదు.

ఆ తర్వాత తల తిప్పాడు. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

"దొరా, ఆపుండ్రి. ఆమె మా కట్టమ్మ పెద్దమ్మ. నన్ను పిలిచింది."

"ఎర్రజెండా జూడలేదురా నువ్వు?"

"దొరా, ఆపుండ్రి!"

ఆయన ఆపలేదు. మైలున్నర దాటాక మాడు వాసన వచ్చింది. బానెట్ సందుల్లోంచి నల్ల పొగ, దాని వెనకే మంట. రాగి గొట్టం చిట్లి, ఎర్రగా కాలి ఉన్న టర్బో మీద నూనె చిమ్ముతోంది. పాత బ్రేకులు కారును చాలా దూరం ఈడ్చుకెళ్ళి ఆపాయి. వీరస్వామి దూకి బానెట్ ఎత్తి, రోడ్డు పక్క ఇసుక దోసిళ్ళతో ఎత్తి పోశాడు. మోచేతి దాకా వెంట్రుకలు కాలిపోయాయి. మంట ఆరింది. అడవి నిశ్శబ్దమైంది.

దూరంగా రోడ్డు మీద మనుషులు కనబడుతున్నారు. వస్తున్నారు.

"పొదలల్లకు పోదాం పా," అన్నాడు హన్మంతరావు.

"మంచం మోసుకస్తున్నరు దొరా. ఎవలికో పానం మీదికచ్చినట్టున్నది."

హన్మంతరావు పొదల వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. వాళ్ళు చేరేదాకా అరగంట పట్టింది. ఆ అరగంట వీరస్వామి ఊరికే కూర్చోలేదు. కాలుతున్న ఇనుముకు గుడ్డ చుట్టి చిట్లిన గొట్టాన్ని విడదీసి, ఇంజను వైపు కొసను మడిచి సుత్తితో చదును చేసి మూశాడు. చేతులు పని చేస్తున్నాయి. తల ఎత్తి రోడ్డు చూడటానికి మాత్రం అతనికి ధైర్యం చాలలేదు.

మంచం మీద ఉన్నది కట్టమ్మ బిడ్డ ఓదెమ్మ. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. రెండు రోజులుగా నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. పొద్దున బస్సు రాలేదు. భూపాలపల్లి చేరితే ఏదో ఒక బండి దొరుకుతుందని మంచం ఎత్తుకుని బయల్దేరారు. ముందు మోస్తున్నవాడు ఓదెమ్మ అన్న సాంబయ్య, ఊళ్ళో సంఘం పెట్టినవాళ్ళలో ఒకడు. మంచం దించి, చెమట కూడా తుడుచుకోకుండా హన్మంతరావు ఎదుట నిలబడ్డాడు.

"ఎందుకాపలే దొరా?"

"ఎర్రజెండా అనుకున్న," అన్నాడు హన్మంతరావు.

"అది మా చెల్లె చీర."

కట్టమ్మ చేతిలో ఆ చీర ఇంకా అలాగే ఉంది. ఆమె దొర వైపు చూడనేలేదు. "బిడ్డా, బండి నడుస్తదా?" అని వీరస్వామిని అడిగింది.

"నడిపిస్త పెద్దమ్మా."

టర్బో నుంచి గాలి వచ్చే గొట్టాన్ని కార్బొరేటర్ మీంచి పీకి పక్కన పడేశాడు, ఇంజను నేరుగా గాలి పీల్చుకునేలా. డబ్బాలో ఉన్న నూనె పోశాడు. పది నిమిషాల్లో స్టార్ట్ అయింది. ఓదెమ్మను ఎడమ సీట్లో ఒరిగించి కూర్చోబెట్టారు. సీట్ల వెనక సామాను సందులోకి కట్టమ్మ ముడుచుకుని దూరి, బిడ్డ తలను రెండు చేతులతో పట్టుకుంది. రెండు సీట్ల కారు. దొరకు చోటు లేదు.

"నువ్వు పో," అన్నాడు హన్మంతరావు. ఆయన సాంబయ్య పక్కన, ఇంకో ముగ్గురి నడుమ, ఎవరి నుంచి పారిపోవడానికి ఇదంతా చేయించాడో వాళ్ళ మధ్య రోడ్డు మీద నిలబడి ఉండగా కారు కదిలింది.

నూనె అందని టర్బో మొదటి మైలులోనే అరవడం మొదలుపెట్టింది. ఇనుము ఇనుమును కోస్తున్న అరుపు. ఓదెమ్మ నొప్పుల అరుపుతో అది కలిసిపోయింది. భూపాలపల్లి రాకముందే చక్రం బిగుసుకుని ఆ చప్పుడు ఆగింది. ఓదెమ్మది ఆగలేదు. నొక్కుడు తగ్గించిన ఇంజను ఎత్తు రోడ్డు మీద సైకిలు వేగం కూడా అందుకోలేకపోయింది. ఒక ఎద్దుబండి వాడు పక్కనుంచి వింతగా చూశాడు. వీరస్వామి కాలు నేలకు ఆనే దాకా నొక్కి ఉంచాడు. కారులో ఉన్న బలమే అంత. అంత తక్కువ ఉండేలా కత్తిరించి బిగించింది తన చేతులే.

పరకాల దవాఖాన చేరేసరికి పొద్దు వాలుతోంది. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు. గంట తర్వాత నర్సు వచ్చి తల్లి బతికిందని చెప్పింది. మగపిల్లవాడు, ప్రాణం లేకుండానే పుట్టాడు.

వీరస్వామి డాక్టరమ్మ వెంట వరండా చివరిదాకా వెళ్ళాడు. "అమ్మా, గంట ముందుగాల తెస్తే బతికెటోడా?"

ఆమె కాసేపు అతని కాలిన చేతుల వంక చూసింది. "బతికేవాడేమో. చెప్పలేను. ముందు ఆ చేతికి మందు రాయించుకోండి," అంది.

మెట్ల మీద కట్టమ్మ కూర్చుని ఉంది. అతను వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. ఆమె మెల్లగా అడిగింది:

"నేను గంతగనం మొత్తుకున్న. ఇనవడలేదా బిడ్డా?"

ఆ ప్రశ్నలో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అతని చెయ్యి దానంతటదే కుడి చెవి మీదికి పోయింది.

"నాకు ఇనరాదు గద పెద్దమ్మా."

"అవును బిడ్డా," అంది ఆమె వెంటనే. "మర్శిపోయిన. నీకు చెవి లేదు గద." అతని వీపు నిమిరింది. ఆ చెయ్యి కింద అతను కదలకుండా కూర్చున్నాడు.

హన్మంతరావు మర్నాడు లారీలో జనగామ చేరాడు. "నీళ్ళిచ్చిండ్రు. లారీ అచ్చిందాంక సాంబయ్య నా పక్కనే కూసున్నడు. భూముల కాగితాలు ఎప్పుడిస్తవని అడిగిండు, గంతే," అన్నాడు. ఆయన ముఖంలో ఊరట లేదు. ఆ ఏడాది చివర పదిహేనెకరాలు దున్నుకునేవాళ్ళ పేర రాయించాడు. మిగిలినవి ఎవరెవరికో అమ్మేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. కారును ఒక పాతసామాన్ల వ్యాపారి లారీ మీద ఎక్కించుకుపోయాడు.

వీరస్వామి పని మాత్రం మునుపటిలా సాగలేదు. ఇనుప కడ్డీ పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, ఇంజను చప్పుడు నిండుగా పలికే చోట ఆ పిలుపు వినబడేది. కళ్ళు తెరిచేవాడు. జబ్బు అందకుండా పోయేది. టర్బో ఉండే బోరు లారీలు వస్తే పక్క షెడ్డుకు పంపేవాడు. ఎవరైనా అతని కుడి వైపు నుంచి పిలిచి, "అరె, నీకు ఇనరాదు గద," అంటే చేతిలో పని వదిలేసి అవతలికి పోయేవాడు. కౌసల్యకు జరిగినదంతా చెప్పాడు, అబద్ధం తప్ప. మూడేళ్ళకు అదీ చెప్పాడు.

ఆమె చేతిలో ఉన్న కుట్టు పక్కన పెట్టింది. "పోయి చెప్పు," అంది.

"చెప్తే ఏమైతది?"

"ఏమైతదో నాకు తెల్వది. చెప్పక ఏమైతున్నవో జూస్తనే ఉన్న గద."

1988లో మిరప కోతలప్పుడు వెళ్ళాడు. కట్టమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. లోపల ఓదెమ్మ ఏడాది ఆడపిల్లను ఊయలలో ఊపుతోంది. వీరస్వామి ఎదురుగా కూర్చున్నాడు. మంచి చెడ్డలు అడగడం అయ్యాక, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయి ఒక్కసారే చెప్పేశాడు.

"ఆనాడు నువ్వు పిలిచింది నాకు ఇనవడ్డది పెద్దమ్మా. మంచి చెవి నీ దిక్కే ఉండె. నేను ఆ ముల్లు జూసుకుంట కూసున్న. దవాఖానల నీకు అబద్ధం చెప్పిన."

కట్టమ్మ చేతులు ఆగాయి. ఊయల చప్పుడూ ఆగింది.

"మూడేండ్లు ఆ పోలీసోన్ని తిట్టుకున్న," అంది ఆమె చివరికి. "వాడు నీ చెవి పలగ్గొట్టకపోతే నా మనుమడు ఉండెటోడు అనుకున్న. అట్లనుకుంటె జర పానం నిమ్మలమయ్యేది. ఇప్పుడెవల తిట్టుకోవాలె? నేను పెంచినోన్నా?"

"తిట్టు పెద్దమ్మా."

"నువ్వు చెప్పకుంటె బాగుండు."

మళ్ళీ మిరపకాయ చేతిలోకి తీసుకుంది. తొడిమె తీసింది. ఇంకోటి తీసుకుంది. అతను గంటసేపు కూర్చున్నాడు, ఆమె అతను అక్కడ లేనట్టే పని చేసుకుంది. ఓదెమ్మ గడపలోకి వచ్చి అతని వంక ఒక్కసారి చూసి, "బస్సు పోతది అన్నా," అంది. లేచి వచ్చేశాడు. దారిలో అతనికి అర్థమైంది: చెబితే తన బరువు దిగుతుందనుకున్నాడు. అది ఆమె నెత్తికి కూడా ఎక్కింది, తన మీంచి దిగనూ లేదు.

మరుసటి వేసవిలో, ఎండ మండిపోతున్న ఒక పొద్దున, సాంబయ్య బావి మీది ఆయిలింజను పంపు భాగాలు గోనెసంచిలో కట్టుకుని జనగామ షెడ్డుకు వచ్చాడు.

"అమ్మ పంపలే," అన్నాడు రాగానే. "ఆమె నీ పేరే ఎత్తది. మిరప తోట ఎండుతున్నది. పరకాలల ఇద్దరు జూసి చెయ్యరాదన్నరు."

వీరస్వామి సంచి విప్పి నేల మీద పరిచాడు. ఇరుసుకు తొడిగే బుష్షులు అరిగిపోతే కొత్తవి చేయించాడు, వంగిన కడ్డీ సరిచేశాడు. మధ్యాహ్నం కౌసల్య ఇద్దరికీ అన్నం తెచ్చింది. తింటున్నప్పుడు ఎవరూ ఆ పాత సంగతి ఎత్తలేదు. మిరప ధర గురించి మాట్లాడారు. మూడింటికి పని అయింది.

సాంబయ్య సంచి భుజానికెత్తుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "ఎవలు బాగుజేసిండ్రని అమ్మ అడుగుతది. ఏం చెప్పాలె?"

వీరస్వామి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఎవరో వరంగల్ మిస్త్రీ అని చెప్పమందామనుకున్నాడు. అలా అయితే ఆమె పంపును ముట్టుకుంటుంది, తోట తడుస్తుంది.

"అడిగితే నా పేరే చెప్పు," అన్నాడు. "వద్దంటె పీకి బయటెయ్యమను. మల్ల ఇంకో మిస్త్రీని నేనే పంపుత."

సాంబయ్య తలూపి ఎండలోకి దిగి బస్టాండు వైపు నడిచాడు. వీరస్వామి అతను మలుపు తిరిగేదాకా చూసి, నేల మీద మిగిలిన పాత బుష్షులు ఏరి డబ్బాలో వేశాడు.